పాంట్రీ అంటే రొట్టెల గది

బట్లర్‌కీ బటర్‌కీ ఏ చుట్టరికమూ లేదు. బట్లర్ బాటిల్ తాలూకు మనిషి. పాతకాలంలో దొరల ఇళ్ళల్లో సీసాలకు కాపలా ఉండేవాడు. బటర్ ఎక్కడో గ్రీకుల దగ్గర ఆవు పేరుతో మొదలైన మాట. చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయి గానీ పుట్టిళ్ళు వేరు. ఇలాంటివి వెతికి పట్టుకుని, పిల్లలకు అర్థమయ్యేలా చిన్న చిన్న పాఠాలుగా రాయడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక ఆన్‌లైన్ చదువుల కంపెనీ మాది. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకు వెళ్తాను, మిగతా రోజులు కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లోనే డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని రాస్తాను.

పోయినేడాది నాకు అప్పజెప్పిన పని, ఇంట్లో వాడే ఇంగ్లీషు మాటల్లో ఒకేలా వినిపించేవాటి పుట్టుపూర్వోత్తరాలు. పాన్, పాంట్రీ. డిష్, డెస్క్. హోస్ట్, హోటల్, హాస్పిటల్. పాఠాలు బాగా వచ్చాయని అందరూ అన్నారు. ఇప్పుడు వాటిలో ఏ మాట విన్నా నాకు ఒక మనిషి మొహం గుర్తొస్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆమె మా ఇంట్లో పని చేసేది. ఉండేది శేరిలింగంపల్లి వైపు. పొద్దున్నే వచ్చి అంట్లు తోమి, ఇల్లు తుడిచి, కూరలు తరిగి, చపాతీలు చేసి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. మేం కోస్తా వాళ్ళం. ఆమెది పక్కా ఇక్కడి మాట. మొదట్లో నన్ను మేడం అనేది, తర్వాత ఎప్పుడో అక్కా అయింది. గేటు దగ్గర ఆమె వేలిముద్ర వేయగానే నా ఫోన్ టింగుమనేది. ఆ శబ్దం వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగాలకు పరిగెత్తే ఈ ఫ్లాట్లలో నాగాలు పెట్టకుండా వచ్చే పనిమనిషి దొరకడమంటే పూర్వజన్మ సుకృతం. ఆమెకు ముందు వచ్చినవాళ్ళతో నేను పడ్డ పాట్లు పగవాళ్ళక్కూడా వద్దు.

ఒకరోజు గిన్నెలు తోముతూ అడిగింది.

"అక్కా, మా పక్కింటామె ఆఫీసుల పాంట్రీల చేరింది. పీఎఫ్ కడ్తరంట, ఈఎస్ఐ కార్డిస్తరంట. గా కార్డుంటే ఇంటోళ్ళందర్ని దవాఖానల చూస్తరంట. జర నాకు గూడ ఇంగ్లీష్ నేర్పుతరా?"

ఆ కార్డు ఆమెకు ఎందుకో నాకు తెలుసు. వాళ్ళాయన ఇళ్ళకు రంగులేసే మనిషి. ఆ మధ్య నిచ్చెన మీంచి పడి కుడి భుజం దెబ్బతింది. అప్పట్నుంచి చెయ్యి సగం వరకే లేస్తోంది. చెయ్యెత్తలేనివాణ్ణి గోడలకు రంగు వెయ్యడానికి ఎవరు పిలుస్తారు? ఇల్లంతా ఆమె మీదే నడుస్తోంది.

"ఎంతవరకు చదివావు?" అన్నాను.

"ఏడు దాంక. చదువుత గని మాట్లాడనీకి రాదు."

నేర్పుతానన్నాను. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను, ఆ మాట మాత్రం నిజం. పని అయిపోయాక ఇద్దరం టీ పోసుకుని కూర్చునేవాళ్ళం. ఆమె కుర్చీలో కూర్చోనంటే కూర్చోనని పీట వేసుకునేది. చేరబోయేది పాంట్రీలో కదా అని నేను పాంట్రీతోనే మొదలుపెట్టాను.

"పాంట్రీ అంటే ఏంటో చెప్పు?"

"గిన్నెలు పెట్టే జాగ గావచ్చు. పాన్‌లు గిట్ల ఉంటయ్ గద."

"అదే అందరూ చేసే పొరపాటు. పాన్‌కీ దానికీ సంబంధం లేదు. అది రొట్టెల గది. రొట్టెను లాటిన్‌లో పానిస్ అంటారు, దాంట్లోంచి వచ్చింది."

"గిప్పుడు గాడ రొట్టెలుంటలేవంట అక్కా. కాఫీ మిషన్ ఉంటదంట."

"ఉండవులే. కానీ మాట మూలం తెలిస్తే జన్మలో మర్చిపోవు," అన్నాను పంతులమ్మలా.

నిజం చెప్పాలంటే ఆ మొదటి రోజే ఆమె నా చెవిలో వేసింది, కాఫీ మిషన్ అని. కాఫీ మిషన్ దగ్గర మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు నేర్పితే వారంలో అయిపోయేది. షుగర్ లేకుండా కావాలా, నీళ్ళు చల్లటివా మామూలువా, కప్పు తీసెయ్యనా. అంతే. కానీ నాకు అవి చప్పగా ఉండేవి. డిష్, డెస్క్, డిస్క్ మూడూ ఒక తల్లి పిల్లలేననీ, ఆ తల్లి పూర్వం ఆటల్లో విసిరే గుండ్రటి పళ్ళెమనీ చెబుతుంటే ఆమె కళ్ళు పెద్దవయ్యేవి. మనం అలమార అనేది పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన మాట, అసలు ఆయుధాలు దాచే పెట్టె, ఇంగ్లీషు ఆర్మీకి చుట్టం అంటే, చేతిలో టీ అలాగే పట్టుకుని మా బట్టల అలమార వైపు తిరిగి చూసింది. అలా వినేవాళ్ళు దొరికితే ఎవరు మాత్రం ఆపుతారు?

పైగా నా పనికీ కలిసొచ్చింది. కొత్త పాఠం రాయగానే ముందు ఆమెకే వినిపించేదాన్ని. ఎక్కడ ఆమె కళ్ళు చిట్లించేదో అక్కడ వాక్యం మార్చేదాన్ని. ఒకసారి చపాతీ పిండి కలుపుతుంటే, లేడీ అనే మాటకు మొదట్లో అర్థం రొట్టె పిండి పిసికే ఆవిడ అని చెప్పాను.

"గట్లయితే ఈ ఇంట్ల లేడీని నేనే గద అక్కా," అంది చేతులు చూపిస్తూ.

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ మాట తీసుకెళ్ళి పాఠంలో పెట్టాను, ఒక పిల్ల వాళ్ళమ్మతో అన్నట్టు. ఆఫీసులో మా పైఆవిడ అదే వాక్యం చదివి వినిపించి మెచ్చుకుంది. ఎవరన్నారో నేను చెప్పలేదు.

మా ఆయన ఇదంతా చూసి వెక్కిరించేవారు. "టీ కప్పులు అందించడానికి లాటిన్ దేనికే? నువ్వు ఆ అమ్మాయిని పాంట్రీకి పంపిస్తావా, పీహెచ్‌డీకా?" అని. ఆయన ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఒకరోజు భోజనం చేస్తూ, "మా పాంట్రీలో మనుషులు కావాలంటున్నారు. ఆవిణ్ణి పంపించకూడదూ?" అన్నారు.

"ఇంకా రెడీ కాలేదండి. అక్కడికెళ్ళి తెల్లమొహం వేస్తే మన పరువే కదా పోయేది," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అన్నాక నాకే అనుమానం వేసింది. రెడీ కాకపోవడమంటే ఏమిటి? ఆమె అప్పటికే మా ఎదురింటి తమిళాయనతో లిఫ్టులో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడుతోంది. అయినా ఆ అనుమానాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. మర్నాడు పొద్దున ఫోన్ టింగుమంది, ఆమె వచ్చింది, సింకు ఖాళీ అయింది, నేను పాఠం రాసుకున్నాను. ఆమెకు ఆ ఉద్యోగం సంగతి చెప్పనే లేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆమే అడిగింది. పక్కింటామె చేసే చోట మళ్ళీ మనుషుల్ని తీసుకుంటున్నారట.

"పోనా అక్కా? మీరెట్లంటే గట్ల."

సరేనని అనొచ్చు. నోరు తెరిస్తే చాలు. నేనేం చేశానంటే, పరీక్ష పెట్టాను. "లార్డర్ అంటే ఏంటి?" అన్నాను.

ఆమె చేతిలో చీపురు పట్టుకుని పైకి చూస్తూ ఆలోచించింది. "నిచ్చెన," అంది.

"అది లాడర్. లార్డర్ అంటే మాంసం, కొవ్వు దాచుకునే గది. మొన్నే కదా చెప్పాను. చూశావా, ఇలాంటి చోటే తప్పులు పోయేది. ఇంకొన్నాళ్ళు ఆగు."

హైదరాబాదులో ఏ ఆఫీసులోనూ లార్డర్ అనే గది లేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు. ఆ తప్పు చెప్పినప్పుడు నా గొంతులో కాస్త విసుగు కూడా ఉంది, నేనేదో ఆమె మేలు కోరి కష్టపడుతుంటే ఆమె చదవడం లేదన్నట్టు. దొంగే దొంగ దొంగ అని అరవడమంటే ఇదే కాబోలు.

"అట్లనే అక్కా. మీరు చెప్పినంకనే పోత," అని చీపురు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.

అంత నమ్మకం నా మీద మా అమ్మక్కూడా లేదు. ఆమె గనక కాస్త గొణిగినా, మొహం ముడుచుకున్నా, నేను కోపంతోనైనా పోవే తల్లీ అనేసేదాన్ని. గొణగలేదు. సాయంత్రం ఇంటి దగ్గర పిల్లల పాత నోటుబుక్కుల్లో లార్డర్, లాడర్ రాసుకుని వచ్చి మర్నాడు నాకు అప్పజెప్పింది. నేను శభాష్ అన్నాను.

అలా నెలలు దొర్లాయి. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది. గాంధీ దవాఖానకు వాళ్ళాయన్ని తీసుకెళ్ళిందట. పొద్దున్నుంచీ లైన్లో నిలబడితే మధ్యాహ్నానికి చూశారట.

"భుజం గట్టిపడ్డదన్నడు అక్కా డాక్టరు. జర ముందుగాల వచ్చి ఎక్సర్‌సైజులు చేయిస్తే మంచిగైతుండె అన్నడు. గిన్ని దినాలు ఏం చేసిన్రని ఒర్రిండు. గాయన ఒర్రుతడు గని, పనికి నాగ వెట్టి రోజు గంత దూరం ఎట్ల పోతం? ప్రైవేటుకు పోయే తాకత్ మనకు లేకపాయె."

ఉల్లిపాయలు ఆమె తరుగుతుంటే కళ్ళల్లో నీళ్ళు నాకు తిరిగాయి. ఏం చేశాననుకున్నారు? లోపలికి వెళ్ళి నొప్పులకు కొట్టుకునే స్ప్రే డబ్బా తెచ్చి ఇచ్చాను. రెండ్రోజులు సెలవు తీసుకో, పరవాలేదు అన్నాను, పెద్ద వరమిచ్చినట్టు. ఆమె దండం పెట్టినంత పని చేసింది. హవ్వ, తల్చుకుంటే ఇప్పటికీ నా మొహం నేనే చూసుకోలేను.

సరిగ్గా ఆ వారమే నేను రాయాల్సిన మాట ఫామిలీ. కుటుంబమంటే అమ్మా నాన్నా పిల్లలూ అనుకుంటాం కానీ, దాని మూలం లాటిన్‌లో ఇంటి నౌకరు. ఫాములస్ అంటే నౌకరు. ఒక ఇంటి నౌకర్లందరినీ కలిపి ఆ పేరుతో పిలిచేవారట, ఇంటివాళ్ళు తర్వాత వచ్చి అందులో చేరారు. లిఫ్టులో, పార్కులో ఎవరైనా మా పనావిడ గురించి అడిగితే, మా ఇంటి మనిషి లాంటిదండీ అని చెప్పుకుని తిరిగేదాన్ని నేను. ఆ పాఠం ఆమెకు చదివి వినిపించలేకపోయాను. ఆమె వినిపించమని అడిగితే, ఇంకా పూర్తి కాలేదన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

చెప్పెయ్యాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. నువ్వు రెడీ, వెళ్ళు, అని ఒక్క ముక్క. కానీ ముందు బోనాలున్నాయి, అవి కానీ అనుకున్నాను. బోనాలయ్యాక మా ఆడపడుచు వాళ్ళు కూకట్‌పల్లి నుంచి వచ్చి ఉంటారన్నారు. ఇంటి నిండా చుట్టాలుంటే పనిమనిషి లేకుండా ఎలా, వాళ్ళు వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక ఆఫీసులో పాఠాలన్నీ ఒప్పజెప్పే గడువొచ్చింది. మంచి పని చెయ్యడానికి నాకు ముహూర్తం కుదర్లేదు.

నేను ఆఫీసుకు వెళ్ళిన ఒక రోజున ఆమె పక్కింటామెను వెంటపెట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్ళింది. మర్నాడు వచ్చి సింకు దగ్గర నిలబడింది, కొళాయి తిప్పలేదు.

"అక్కా, కోపం గాకుండ్రి. మీకు చెప్పకుండ పోయిన. ఆయన చెయ్యి చూస్తుంటే మనసు ఊకుంటలేదు. పాంట్రీల తీస్కున్నరు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరు."

నాకు ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఏడాది పాటు నేర్పితే నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్తుందా అనిపించింది. ఆ కోపం మింగి, "ఏం అడిగారు?" అన్నాను.

"ఆధార్ కార్డు అడిగిన్రు. పొద్దుగాల ఏడింటికి రావాలె, వస్తవా అన్నరు. ఇగ బూట్ల సైజు అడిగిన్రు."

"ఇంగ్లీషులో?"

"ఏం అడగలే. సూపర్‌వైజర్ తెలుగాయననే." ఆమె గొంతు తగ్గించింది, నేను నొచ్చుకుంటానని. "అన్ని యాది చేస్కొని పోయిన అక్కా. బట్లర్, డిష్, డెస్క్, లార్డర్ గూడ. ఒక్కటి అడగలే. పోనీయుండ్రి, నేర్సుకున్నది యాడికి పోతది."

నన్ను ఓదారుస్తోంది. నేను కుర్చీలో కూలబడి, సంతోషం, చాలా సంతోషం అన్నాను. సంతోషం అంటూనే మనసులో ఒకటో తారీఖు తర్వాత అంట్ల సంగతేమిటని లెక్క వేసుకుంటున్నాను. ఛీ, అనిపించింది.

ఆఖరి రోజున ఆమె ఒంటరిగా రాలేదు. వెంట ఇంకొకామె ఉంది, చిన్నది, కొత్తగా పెళ్ళయినట్టుంది. తోడికోడలట. వాళ్ళ మాటలో యారాలు.

"మీకు పరేషాన్ కావొద్దని మా యారాలిని తోల్కొచ్చిన అక్కా. చెయ్యి మంచిదే. నాగలు గిట్ల పెట్టది."

చెప్పి, ఆ పిల్లకు వంటిల్లంతా తిప్పి చూపించింది. నూనె ఎక్కడ, పప్పుల డబ్బాలెక్కడ, సారుకు కారం తక్కువ, అక్క రాసుకునేటప్పుడు మిక్సీ వేయొద్దు. ఆ పిల్ల తలూపుతూ వింది. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నా అదృష్టానికి నాకే ఆశ్చర్యం వేసింది.

అంతా చూపించాక ఆమె నా దగ్గరకొచ్చింది.

"ఇంకొక్క మాట అక్కా. నాకు నేర్పినట్లనే ఈమెకు గూడ ఇంగ్లీష్ నేర్పుండ్రి. మా సూపర్‌వైజర్‌తోని మాట్లాడిన, ముంగట ఇంకా మనుషుల్ని తీస్కుంటరంట. అయితే తొందర లేదు. ఈమె రెడీ అయిందని మీరు ఎప్పుడు చెప్తే గప్పుడే తీస్కపోత."

ఆ పిల్ల నా వైపు చూస్తోంది. అలాగే అంటే చాలు. ఇంకో ఏడాది నాకు దిగుల్లేదు. ఇద్దరూ సంతోషంగా తలూపుతారు. అలాగే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నేర్పాల్సిందేం లేదు," అన్నాను. "ఇవాళే తీసుకెళ్ళి మీ సూపర్‌వైజర్‌కు చూపించు."

"ఇంగ్లీష్ అస్సలు రాదక్కా ఈమెకు."

"అక్కర్లేదు. నిన్ను అడిగారా?"

"అడగలే."

"మరింకేం? ఈమె ఇప్పుడే రెడీగా ఉంది."

ఆమె నవ్వబోయి ఆగింది. నా మొహం చూసింది, తోడికోడలి మొహం చూసింది, మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఈమె రెడీ ఉన్నదంటే," అంది నెమ్మదిగా, "మరి నేను..."

"నువ్వూ రెడీగానే ఉన్నావు. నేను నేర్పకముందు కూడా. నువ్వు వెళ్ళిపోతే నాకు జరగదని ఆపాను."

కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ పిల్లకు ఏమీ అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"పోయినేడే కార్డొస్తుండె గద అక్కా," అంది.

"వచ్చేది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని తోడికోడలి వైపు తిరిగింది.

"చెప్పులేస్కో, పోదాం," అంది.